ఆ పిల్లను ఎవరూ అడగలేదు

బాన్సువాడ,
జులై 28

ప్రియమైన బిడ్డ సింధుజకు,

మీ మామ ముత్తెన్న రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వు పోలీసు ట్రైనింగుకు కరీంనగర్ వెళ్లినప్పటి నుంచి ఇంట్లో మాట తగ్గింది. ఆదివారం వాళ్లు నీ చేతికి ఫోన్ ఇచ్చే ఆ కాసేపూ మీ అత్త "తిన్నవా బిడ్డా, మంచిగ పండుకుంటున్నవా" అని అడగడానికే సరిపోతుంది. అందుకే ఉత్తరం మొదలుపెట్టాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే సర్దుకో.

నాట్లు అయిపోయాయి. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఈసారి వేళకే వదిలారు. చేతిలో పని లేక నిన్న మీ అత్తనూ పక్కింటి సమ్మవ్వనూ మ్యాట్నీకి తీసుకెళ్లాను. సృజన్ ఉన్నప్పుడు నలుగురం వెళ్లేవాళ్లం కదా. కొడుకు వర్ని రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ మీ అత్త హాలు వైపు చూడలేదు. నిన్న తనే వస్తానంది.

కథ చెబుతాను విను. కొత్తగా పెళ్లయిన జంట. ఇంటర్వెల్‌కు ముందు భర్త పడవ మునిగి చనిపోతాడు. ఇక అక్కడి నుంచి ఆ పిల్ల అతని ఫోటోకు దండ వేస్తూ, అత్తమామలకు సేవ చేస్తూ ముసలిదైపోతుంది. చివర్లో ఊరంతా వచ్చి ఆమె కాళ్లకు మొక్కుతారు. హాల్లో ఆడవాళ్లందరూ ఏడ్చారు. సమ్మవ్వ ముక్కు చీదుకుంటూ "గసుంటి కోడలు ఎవలికి దొరుకుతది పోసవ్వా" అంది. మీ అత్త "మాకు దొరికింది" అంది.

పాటలు బాగున్నాయి. ఆ పిల్ల నటన కూడా బాగుంది. ఏసీ హాల్లో నాకు మాత్రం చెమట పట్టింది. సినిమా మంచిదో కాదో తేల్చుకోలేక నిన్ను అడుగుతున్నాను. నువ్వైతే ఏమంటావు?

మోకాళ్లకు నూనె రాసుకో.

మీ మామ,
ముత్తెన్న


కరీంనగర్,
ఆగస్టు 10

ప్రియమైన మామకు,

నమస్తే. ఉత్తరం అందింది. పక్క మంచం ప్రియదర్శిని కూడా చదివి, "మా ఇంట్ల ఎవరన్న ఇట్ల సినిమా కథ రాసి పంపితే ఎంత మంచిగుండు" అంది.

పొద్దున పరుగు ఇప్పుడు అలవాటైంది. తాడు పట్టుకుని పైదాకా ఎక్కగలుగుతున్నాను. మాకూ శనివారం ఒక సినిమా వేశారు. హీరో సీఐ. ఒక్కడే మార్కెట్ నిండా ఉన్న రౌడీలను చితకబాదుతాడు, చొక్కా మడత నలగదు. మాకు డ్రిల్లు నేర్పే మేడం వెనక కూర్చుని, "వీనికి రేపే సస్పెన్షన్" అంటూ చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు. నాకు గోడ దూకే చోట నవ్వొచ్చింది. గోడ దూకితే మోచేతులు ఎట్లా గీరుకుపోతాయో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

మీరు చెప్పిన సినిమా నేను చూడలేదు. అత్తమ్మకు నచ్చిందంటే మంచిదే అయ్యుంటుంది. అంతకంటే నేనేం చెప్పను?

అత్తమ్మకు బీపీ మాత్రలు మానొద్దన్నానని చెప్పండి.

మీ కోడలు,
సింధుజ


బాన్సువాడ,
సెప్టెంబర్ 15

ప్రియమైన బిడ్డకు,

నీ ఉత్తరంలో "నేనేం చెప్పను" అన్న ముక్క చాలాసార్లు చదువుకున్నాను. అది అవునో కాదో నాకు అర్థం కాలేదు.

మొన్న ఇంకో సినిమా చూశాను. ఈసారి మీ అత్త రాలేదు. అఖిలేశ్ వచ్చాడు. సృజన్‌తో చదువుకున్న పిల్లవాడే, ఇప్పుడు కోటగిరి రోడ్డులో మోటార్ల రిపేరు షాపు పెట్టాడు. ఇది పోయినసారి చూసినదానికి పూర్తిగా తిరగేసిన కథ. కొడుకు పోయాక మామే కోడలికి సంబంధం చూస్తాడు. కులపోళ్లు అడ్డుపడతారు. ఆ మామ అందరి మధ్య నిలబడి ఒక్కొక్కరినీ కడిగేస్తాడు. హాలంతా ఈలలు. నేను కూడా చప్పట్లు కొట్టాను, చేతులు మండేదాకా.

బయటికొచ్చి చాయ్ తాగుతుంటే అఖిలేశ్ గ్లాసులోకి చూస్తూ అడిగాడు. "మామా, సింధుజ ఎట్లుంది? నేను అడిగిన అని చెప్పకు."

"చెప్తే ఏమైతది?" అన్నాను.

"ఏం కాదు" అన్నాడు గానీ, చాయ్ సగంలోనే వదిలేసి వెళ్లాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి మీ అత్తకు చెప్పాను. అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఆగిపోయింది. "కొడుకు పాయె. ఇగ గీ పిల్లను గూడ తోలేస్తవా? నేనెవలను చూసి బతకాలె?" అంది. ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఫికర్ చేయకు, అదే సర్దుకుంటుంది.

వీలైతే నువ్వూ ఆ సినిమా చూడు బిడ్డా. పిల్లవాడు చాలా మంచివాడు. సినిమాలో పిల్లవాడి సంగతే అంటున్నాను.

మీ మామ,
ముత్తెన్న


కరీంనగర్,
అక్టోబర్ 27

మామకు,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. ఆదివారాలు ఫోన్‌లో కూడా అత్తమ్మతో రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

పోయిన వారం బయటికి వదిలితే ప్రియదర్శినితో వెళ్లి మీరు చెప్పిన సినిమా చూశాను. నా అభిప్రాయం అడిగారు కదా, చెబుతాను.

ఆ సినిమాలో గొప్పవాడు మామ. పాట ఆయనకే, డైలాగులు ఆయనకే, చప్పట్లు ఆయనకే. ఆ పిల్లకు పట్టుమని పది మాటలు లేవు. సంబంధం ఆయనే చూశాడు. ముహూర్తం ఆయనే పెట్టించాడు. ఊరి వాళ్లతో కొట్లాడినప్పుడు ఆమె గడప అవతల తల వంచుకుని నిలబడి ఉంది. నీకు ఇష్టమేనా అని ఆ పిల్లను ఎవరూ అడగలేదు. మొదటి సినిమాలో ఆమెను ఫోటో ముందు కూర్చోబెట్టారు, రెండో దాంట్లో పీటల మీద కూర్చోబెట్టారు. రెంటిలోనూ కూర్చోబెట్టింది వేరేవాళ్లే.

హాల్లో నా చుట్టూ అందరూ ఈలలు వేస్తుంటే నాకు ఒకటే అనిపించింది. మామకు నేను బరువయ్యానా? ఉద్యోగం వచ్చింది, ఇక పంపించేద్దాం అనుకుంటున్నారా? మీరు నన్ను కోచింగుకు పంపినప్పుడు, రోజూ బస్టాండుకు తీసుకెళ్లినప్పుడు, ఆ ఇల్లు నాది కూడా అనుకున్నాను.

తప్పుగా రాసి ఉంటే క్షమించండి. కానీ కొట్టేయను.

సింధుజ


బాన్సువాడ,
నవంబర్ 9

బిడ్డా,

కోతలు నడుస్తున్నాయి. ఆరబోసిన వడ్ల దగ్గర కాపలా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు బరువు కాదు. ఆ మాట నీకు ఎట్లా తోచిందా అని మొదట బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, తోచకుండా ఎట్లా ఉంటుంది అనిపించింది. నేను అడగాల్సింది నిన్ను. అడగడానికి నోరు రాక రెండు సినిమాలు అడ్డం పెట్టుకున్నాను. అడిగితే నువ్వు వెళ్తానంటావేమోనని ఒక భయం. అడగకపోతే మా ముఖాలు చూసి ఉండిపోతావేమోనని ఇంకో భయం. చప్పట్లు కొట్టింది మాత్రం నాకోసమే. ఆ మామ స్థానంలో నన్ను నేను చూసుకున్నాను.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. నీకేం కావాలి? పెళ్లి కావాలంటే చెప్పు. వద్దంటే చెప్పు. అఖిలేశ్ పేరు మళ్లీ నా నోట రాదు. నువ్వు ఏది చెప్పినా ఈ ఇంటి తలుపు నీకు తెరిచే ఉంటుంది.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. చెప్పులు విడిచి, వడ్లల్లోకి దిగి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వడ్లు ఆరేట్టు కాళ్లతో నెరుపుతూ పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. నేను పిలిచినా తల ఎత్తలేదు.

మీ మామ,
ముత్తెన్న


కరీంనగర్,
నవంబర్ 24

ప్రియమైన మామకు,

నిన్న కోటగిరిలో చుట్టాలింటికని చెప్పి వెళ్లిన అత్తమ్మ కోటగిరి పోలేదు. బస్సులు మారి ఒక్కతే ఇక్కడికి వచ్చింది. గేటు దగ్గర కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడి ఉంటే నేను మొదట గుర్తుపట్టలేదు. ఏమైందోనని పరుగెత్తాను. "ఏం కాలే. సినిమాకు పోదాం రా" అంది.

పర్మిషన్ తీసుకుని మ్యాట్నీకి వెళ్లాం. దయ్యం సినిమా. భయపెట్టాల్సిన చోటల్లా హాలు నవ్వింది. అత్తమ్మ "దయ్యానికి గింత పౌడర్ ఎందుకే" అంది. సినిమా గురించి నా అభిప్రాయం కూడా అంతే.

ఇంటర్వెల్‌లో సమోసాలు తెచ్చాను. ఆమె తినలేదు. కాగితం పొట్లం అట్లే పట్టుకుని, ఖాళీ తెర వైపు చూస్తూ మాట్లాడింది.

"మీ మామ లెక్క నాకు తిప్పి తిప్పి అడుగరాదు బిడ్డా. నీకు ఎవలన్న నచ్చిండా? నచ్చితే చేసుకో. నాకు ఏడుపొస్తది, ఏడుస్త. నా ఏడుపు చూసి నువ్వు ఆగకు."

మనసులో ఉన్నదంతా ఆమెకు చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

అఖిలేశ్ నేను ఇక్కడికి వచ్చే ముందే పెళ్లి చేసుకుందామా అని నన్ను అడిగాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను. చాలా ఆలోచించాను మామా. అతను మంచివాడే. కానీ మేము ఏం మాట్లాడుకున్నా చివరికి సృజన్ దగ్గరికే పోతాం. అతను నాలో సృజన్‌ను చూస్తాడు, నేను అతనిలో సృజన్‌ను వెతుకుతాను. అట్లా ఇద్దరం బతకలేం. ఇవాళ ఫోన్ ఇవ్వగానే అతనికే చేసి వద్దని చెప్పాను. "సరే. బోరు మోటారు కాలితే నన్నే పిలువుమని మామకు చెప్పు" అన్నాడు. మీరు అతనితో మామూలుగానే ఉండండి.

రేపెప్పుడైనా నాకు ఎవరైనా నచ్చితే ముందు మీ ఇద్దరికే చెబుతాను. ఇప్పుడు మాత్రం నాకు కావాల్సింది పెళ్లి కాదు. పోస్టింగ్ ఎక్కడ వస్తే అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని కొన్నాళ్లు ఒక్కదాన్నే ఉండాలి. కూతురిగానో భార్యగానో కోడలిగానో తప్ప నేను ఎప్పుడూ ఉండలేదు. నాకు ఏ కూర ఇష్టమో అడిగితే కూడా ఆలోచించి చెప్పాల్సి వస్తోంది. ఇది విని అత్తమ్మ నొచ్చుకుంటుందేమోనని భయపడుతూనే చెప్పాను.

లైట్లు ఆరిపోయాయి. దయ్యం మళ్లీ వచ్చింది. చీకట్లో ఆమె నా చేతిలో సమోసా ఒకటి పెట్టి, తనూ ఒకటి కొరికి, నెమ్మదిగా అంది.

"ఉండు మరి. తాళంచెవులు రెండు చేయించు. ఒకటి నాకియ్యి."

మీ
సింధుజ