వేల్పూర్‌లో దిగిన డ్రమ్ము

బొంబాయి,
జనవరి, 1994

ప్రియమైన జ్ఞానమ్మకు,

నేను క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? పసుపు తవ్వడం అయిపోయి ఉంటుంది. ప్రతి ఏడూ పసుపు ఉడికించే కడాయి కోసం సాయన్న వాకిట్లో నిలబడి, అందరి వంతూ అయ్యాక మనది ఉడికించుకోవడం నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ఈసారి ఆ బాధ లేదు. బొంబాయిలో పసుపు దించి తిరిగొస్తున్న కొమురయ్య లారీలో ఒక డ్రమ్ము పంపుతున్నాను. ఓడలో వచ్చిన యంత్రాల నూనెది. సేటు నూనె తీసుకుని, ఖాళీవి మా హమాలీలకు ఇచ్చాడు. ఫారిన్ రేకు, మన పిల్లల కాలం దాకా ఉంటుంది. నిలువుగా కోయించు, కడాయి అవుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ డ్రమ్ములను రెండుసార్లు కడిగి వాడుకోలేదా, ఇదీ అంతే.

ఉడికాక రంగు ఎలా వచ్చిందో రాయి. దానికోసం ఎదురుచూస్తుంటాను.

నీ దాసు

వేల్పూర్,
ఫిబ్రవరి

ప్రియమైన మీకు, జ్ఞానమ్మ వందనాలు.

డ్రమ్ము దిగింది. వాడ మొత్తం వచ్చి చూసింది. అత్తమ్మ దాని చుట్టూ తిరిగి, "నా కొడుకు దేశంకాని దేశం రేకు పంపిండు" అని దారిన పోయేవాళ్లకు కూడా చెప్పింది. మన పసుపు ఉడికింది. రంగు మంచిగా వచ్చింది, వాకిట్లో ఆరుతోంది. పక్కింటి భూమవ్వ అడిగితే డ్రమ్ము ఆమెకిచ్చాను. "మీ దాసు పుణ్యాన నేను గూడ ముందే ఆరవోసుకుంట" అంది. ఆమె కోడలు శంకరమ్మకు కొడుకు పుట్టాడు, తల్లీబిడ్డా బాగున్నారు.

ఒక్క మాట. అది ఏ నూనె? తీరిక దొరికితే రాయండి. ఊరికే అడుగుతున్నాను.

మీ జ్ఞానమ్మ

బొంబాయి,
ఫిబ్రవరి

జ్ఞానమ్మా,

ఈ ఉత్తరం కొమురయ్య చేతికిచ్చి పంపుతున్నాను. చదవగానే పొయ్యి ఆర్పించు. డ్రమ్ములో ఎవరూ ఏమీ ఉడికించొద్దు.

నిన్న కస్టమ్స్ వాళ్లు, పొల్యూషన్ బోర్డు వాళ్లు వచ్చి, రేవులో మిగిలిన మా సేటు కంటైనర్ల సీలు కోశారు. కాగితం మీద యంత్రాల నూనె. లోపల ఉన్నది ఏదో దేశం ఫ్యాక్టరీలు పారబోయాల్సిన విషం. ఇలాంటిది సర్కారు పర్మిషన్ లేకుండా మన దేశంలో దిగొద్దని కానూన్ ఉందట. ఓడ ఎక్కించి, పంపినవాడికే తిప్పి పంపమన్నారు. మన డ్రమ్ము ఇదే సేటుది, ఇదే సరుకుది. "ఖాళీ డ్రమ్ము కడిగి వాడుకోవచ్చా సార్?" అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆఫీసర్ నా ముఖం చూసి, ఎవరు వాడుతున్నారని ఎదురు అడిగాడు. మాట దాటేసి తప్పుకుని వచ్చేశాను.

టెలిగ్రాం ఇస్తే ఊరంతా తెలుస్తుంది. రేపు నిజామాబాద్ మార్కెట్ యార్డులో మన వాడ పసుపును ఎవరూ ముట్టరు. చెప్పకపోతే తిన్నవాళ్ల గతి ఏమిటి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీరెవరైనా ఆ పసుపు తిన్నారా? అమ్మ తిన్నదా? వెంటనే రాయి.

దాసు

వేల్పూర్,
ఫిబ్రవరి

ప్రియమైన మీకు,

మేం తినలేదు. మన పసుపు ఆ డ్రమ్ములో ఉడకలేదు. డ్రమ్ము కోయించి, ముందు వట్టి నీళ్లు కాచాను. నీళ్ల మీద రంగురంగుల తెట్టు కట్టింది, ముక్కుపుటాలు మండాయి. అత్తమ్మ, "వద్దు బిడ్డా, పక్కకు పెట్టు" అంది. ఎప్పటిలాగే సాయన్న కడాయిలో చివరి వంతు మనది. అంత ఆశగా పంపారని మీకు రాయలేకపోయాను.

భూమవ్వ అడిగినప్పుడు ఇవ్వననాలంటే ఎందుకో చెప్పాలి. నలుగురిలో మీ పేరు చిన్నబోతుందని ఇచ్చేశాను. మంచిగా కడుగుమని మాత్రం చెప్పాను.

మీ ఉత్తరం చదివి పరుగెత్తాను. అప్పటికే ఆమె పసుపు ఉడికి ఆరింది. కొత్త పసుపు దంచి బాలింత శంకరమ్మకు రోజూ పాలలో కలిపి ఇస్తోందట. పిల్లవాడు తల్లి పాలే తాగుతాడు. అంతా చెప్పేశాను. భూమవ్వ తిట్టలేదు. "నీ ఇంట్ల వద్దనుకున్నది నా ఇంట్లకు ఎట్ల పంపినవు బిడ్డా?" అని అడిగింది.

మన పసుపంతా ఆమె వాకిట్లో పోశాను. ఆమెది గోనెల్లో కట్టి మన కొట్టంలో తాళం వేశాను. డ్రమ్మును మన ఇంటికి లాక్కొచ్చుకున్నాను. యార్డు సంగతి తర్వాత చూద్దాం.

శంకరమ్మకు వాంతులు మొదలయ్యాయి. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో డాక్టర్‌కు చూపించాం. పిల్లవాడికి తల్లి పాలు మాన్పించాడు. "ఆ నూనెలో ఏముందో తెలిస్తే గాని మందు చెప్పలేనమ్మా" అన్నాడు. యంత్రాల నూనె అన్నాను. అది కాదని నాకు తెలుసు, వేరే పేరు నా దగ్గర లేదు.

ఆ ఆఫీసర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఎవరు వాడారని అడిగితే ఈసారి మా పేర్లన్నీ చెప్పండి. మీ పని పోతే పోనీ. ఓడ తిరిగి పోకముందే ఆ విషం అసలు పేరు అడిగి, డాక్టర్‌కు టెలిగ్రాం ఇవ్వండి. ఊరంతా చదివినా సరే.

మీ జ్ఞానమ్మ