తలగడలో కండువా

మంగళవారం. ఓట్లకు ఇంకా ఐదు రోజులు.

మధ్యాహ్నం ప్రొద్దుటూరు నుంచి నాయన వచ్చాడు, ఎప్పటిలాగే తాగి. మెడలో అవతలి పార్టీ కండువా. ఊరేగింపుకు పోతే క్వార్టర్ సీసా ఇచ్చారట. కండువా తీయాలన్న సంగతే మరిచిపోయాడు. మా వీధంతా ఇవతలి పార్టీ. పోయిన ఎన్నికలప్పుడు ఇలాంటి కండువాకే ఒకాయన చెయ్యి నరికారు. ఎండకు వీధిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

తాత నాయనను లోపలికి లాగి తలుపేశాడు. "యాడికొస్తాండావో తెలుస్తాందా రా నీకు?"

"నా బిడ్డను చూసేకి వచ్చినా," అని నాయన నావైపు తిరిగాడు. "మూడో తరగతికొచ్చినావా పాపా?"

నన్ను అవ్వాతాతల దగ్గర వదిలినప్పుడు రెండో తరగతి. ఇప్పుడు పది.

సాయంత్రం తాత ఆయనకు తన గొంగడి కప్పి, చేతికి కర్రిచ్చి, గొర్రెల మంద వెంట ఊరు దాటించి తిరిగి ప్రొద్దుటూరు బస్సెక్కించాడు. కండువా మాత్రం ఇంట్లో మిగిలింది.

"కాలిస్తే ఆ పార్టీవోళ్లు ఊరుకోరు, ఇంట్లో కనపడితే మనోళ్లు ఊరుకోరు," అంది అవ్వ. నా తలగడ కుట్లు విప్పి, దూది మధ్యలో కుక్కి, మళ్లీ కుట్టేసింది.

తలగడంతా బ్రాందీ, బీడీ, చెమట వాసన. నాయన వాసనే. పడుకోలేకపోతే తన తలగడ తీసుకోమంది అవ్వ. వద్దన్నాను. ఎందుకని అడిగింది. తలగడ ఒళ్లో పెట్టుకుని, ఇది రాస్తూ కూర్చున్నాను...