నోట్లో తడిపిన దారం

కర్నూలు, 1939 ఏప్రిల్, మంగళవారం

కోడుమూరు నుంచి వచ్చిన అవ్వ దవడ రాచపుండులో రేపు పెట్టేదానికి, పొద్దున ఆసుపత్రిలో రేడియం సూదులకు దారం ఎక్కిస్తాంటి. ఒక సూది బెజ్జంలో దారం కొన చీలిపోయింది. వెనక్కి లాగి, నోట్లో తడిపి, మళ్లీ దూర్చినా. అట్ల రెండుసార్లు. ఇంట్లో బొంత కుట్టేటప్పుడు మా అమ్మ చేసే పనే.

సాయంత్రం డాక్టరుగారు ఆ సూదిని దూదితో తుడిచి, దూదిని, రేడియం ఉంటే పట్టిచ్చే బంగారు రేకుల యంత్రం దగ్గర పెట్టినారు. ఎడంగా నిలబడిన రేకులు మెల్లగా దగ్గరికి వాలిపోయినాయి.

"తొడుగు యాడో పగిలింది. రేడియం బయటికొస్తాండాది. దీన్ని నోటి దగ్గరికి తీసుకోలేదు కదప్పా?"

"లేదు సార్" అన్నా. ఎందుకన్నానో తెలీదు.

పోయిన నెల ఆయనే చెప్పినారు. పరమాణువు నడిమి గింజ ఒక్కోసారి తన బలాన్ని కిరణంగా పంపకుండా, పక్కనుండే ఎలక్ట్రానుకే ఇచ్చి దాన్ని బయటికి తరుముతాదంట. ఆ ఖాళీ పూడేటప్పుడు తక్కువ బలముండే ఇంకో ఎలక్ట్రాను ఎగిరిపోతాదంట. అవి దూరం పోలేవు, ప్లాటినం తొడుగే ఆపేస్తాది. తొడుగు లేకుంటే, పుట్టిన చోటే కాలుస్తాయి.

ఇంటికొచ్చి పదిసార్లు పుక్కిలించినా. నాలుకకు మంట లేదు, రాత్రి అన్నంలో పులుసు రుచి ఎప్పటిమాదిరే ఉండాది. అదే శానా భయంగా ఉండాది.

పాప పడుకునే ముందు ముద్దుకు చెంప చాపింది. పెదాలు బిగించి మొహం తిప్పుకున్నా.

"నాయనకు నా మీద కోపమా?" అని వాళ్లమ్మను అడుగుతాండాది.