గడ్డ కాదు, బరువు

శుక్రవారం, రాత్రి

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ అయ్యాక, మెడనొప్పి లేకుండా బీడీలు చుట్టిన మొదటి వారం ఇది. సాయంత్రం మేనత్త పండ్లు పట్టుకొని పరామర్శకు వచ్చింది.

"గడ్డ తీసిన్రంట గదా బిడ్డా, పాపం."

గడ్డ అని మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ అంతా చెప్పుకొచ్చింది మా ఆయనే.

"గడ్డ లేదత్తా. బరువుకు మెడ, భుజాలు గుంజుతుండె. తగ్గించుకున్న. ఇప్పుడు ఆరామ్ ఉన్నది."

మేనత్త పండ్ల సంచిని మెల్లగా తన వైపుకే లాక్కుంది.

ఆమె వెళ్ళాక ఆయన, "నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు.

పెళ్ళానికి రోగమంటే నిలబడే ఇజ్జత్, నొప్పి పోయిందంటే పోతుందట. అలాంటిది ఉంటే ఎంత, ఊడితే ఎంత.

మా పెద్దమ్మాయి లోపలినుంచి అంతా వింది. అది కూడా ఈమధ్య, ఆపరేషన్‌కు ముందు నాలాగే, భుజాలు ముడుచుకొని నడుస్తోంది. దానికి ఏ రోగం పేరు పెడతాడో...