కరివేపాకు పిలక

నేపర్‌విల్, అమెరికా, జూలై 1982, శనివారం రాత్రి

మన తెలుగువాళ్ల గార్డెనింగ్ క్లబ్బు మహాసభ ఇవాళ డాక్టర్ మూర్తిగారి పెరట్లో జరిగింది. ఆయన ఉపన్యాసం "పంచుకుంటేనే తోట" అనే విషయం మీద. గంటసేపు స్లైడ్లు వేశారు. ప్రతి స్లైడ్‌లోనూ ఆయనే ఉన్నారు. మొక్కలు మాత్రం అక్కడక్కడ కనిపించాయి.

తర్వాత తోట సందర్శనం. పెద్ద కుండీలో ఉన్న కరివేపాకు మొక్క చుట్టూ అందరూ దర్శనానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దాని మొదట్లో మూడు పిలకలు. రెండేళ్లుగా ఒక్క పిలక మీద ప్రాణం పెట్టుకున్న మా అక్క మళ్లీ నోరు తెరిచి మూర్తిగారిని అడిగింది.

"వేళ్లు డిస్టర్బ్ చేస్తే తల్లిమొక్క బెంగపడుతుందమ్మా. స్ప్రింగ్‌లో చూద్దాం."

రోజూ మనుషుల గుండెలు కోసే చేతికి పిలక తవ్వడానికి మనసొప్పలేదు. అందరూ భక్తిగా తలలూపారు. అక్క పులిహోర ప్లేటు పట్టుకుని ఆ కుండీ పక్కనే కూలబడింది. పాపం, నాకు జాలేసింది.

ఇంటికొచ్చాక అక్క హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. తడి నాప్‌కిన్‌లో వేరుతో సహా ఒక పిలక, దాని పక్కన మట్టి అంటిన మూర్తిగారి స్పూను.

"వచ్చే నెల గార్డెన్ విజిట్ మనింట్లోనే కదే. ఆయన చూస్తే?"

"ఆ రోజుకి బేస్‌మెంట్‌లో దాచేద్దాంరా. ఆయన సంగతి సరే, మిగతావాళ్లు చూశారంటే మాకూ ఒక పిలక ఇమ్మని పీక్కుతింటారు."

వచ్చే నెల ఉపన్యాసం కూడా అక్కదే. ఏ విషయం మీద మాట్లాడుతుందో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు...