బావ కోడ్‌కి నేనిచ్చిన ఓకే

మాచర్ల,
ఆదివారం.

మా కుసుమక్కకి,

ఫోన్లో చెబుదామంటే సగంలోనే అడ్డొస్తావు, అందుకే రాస్తున్నాను. కోపం తెచ్చుకోకు.

ఎవరింటి నుంచి వాళ్ళం పనిచేసినా బావా నేనూ ఒకే టీములో ఉన్నామని అందరికీ గొప్పగా చెప్పుకుంటావుగా. ఫైళ్ళను డిస్కులో కాకుండా కంప్యూటర్ మెమరీలోనే పెట్టి చప్పున అందించే ప్రోగ్రాం మాది. బావ దాన్ని మార్చి రాసి, సరిచూడమని నాకు పంపాడు. వేగం కొలిస్తే మూడింతలు పెరిగింది. అబ్బ, ఎంత మురిసిపోయానో! తప్పొప్పులు మాత్రం చూడలేదే అక్కా. నాకు కంప్యూటర్ నేర్పిన మనిషి రాసినదాన్ని నేను పరీక్షించడమేమిటని కళ్ళు మూసుకుని ఓకే కొట్టేశాను. వేరేవాళ్ళదైతే ఉతికి ఆరేసేదాన్ని.

మనసాగక ఇవాళ పరీక్షించాను. ఒక ప్రోగ్రాం చదువుతున్న ఫైలును ఇంకొకటి తీసేస్తే, ఆ చదవడం ముగిసేదాకా దాని చోటు ఖాళీ చేయకూడదు. బావ మార్పులో ఆ చోటు వెంటనే వేరే ఫైలుకి పోతోంది. వెయ్యిసార్లు నడిపితే నాలుగుసార్లు ఒకరి ఫైలు బదులు ఇంకొకరిది వచ్చింది. పోయిన నెల నువ్వు సీటు మీద కర్చీఫ్ వేసి దిగితే ఎవరో కూర్చున్నాడని, "ఏందయ్యా, కర్చీఫ్ కనపడలా?" అంటూ బస్సంతా లేపావే, అలాంటిదే ఇది.

గురువారం ఇది కస్టమర్లకి వెళుతుంది. ఈ వేగం చూసే ఆఫీసువాళ్ళు బావకి టీమ్ లీడ్ పదవి ఇస్తామన్నారు. అయినా రేపు పొద్దున్నే టీములో అందరికీ కనబడేలా రాసి నా ఓకే వెనక్కి తీసుకుంటున్నాను. భయంగానే ఉంది, కానీ ఇప్పుడు కడుపునిండా అన్నం తినగలిగాను.

నీ చెల్లి,
ఇంద్రజ


సత్తెనపల్లి,
శనివారం.

మరదలు పిల్లకి,

మీ అక్క నీ ఉత్తరం వీధంతా వినబడేలా చదివింది. "ఏందయ్యో, నా చెల్లెలి చేత ఉత్తుత్తి ఓకే కొట్టిచ్చుకున్నావా?" అని నిన్నంతా నాకు కాఫీ చుక్క ఇవ్వలేదు.

సోమవారం నువ్వు రాసింది చూసి రెండు రోజులు చానా మండిపడ్డాను. తర్వాత నీ పరీక్ష నేనే నడిపాను. నువ్వే రైటు. ఫైలును ఎన్ని ప్రోగ్రాములు తెరిచాయో లెక్క ఉంచి, చివరిది వదిలాకే చోటు ఖాళీ అయ్యేలా రాశాను. వేగం రెండింతలకు తగ్గింది గానీ, లక్షసార్లు నడిపినా ఒక్క తప్పూ రాలేదు. కస్టమర్లకి ఇవ్వడం వచ్చే నెలకి పోయింది, దాంతోపాటే టీమ్ లీడూ. పోతే పోనీలే, హాయిగా నిద్రపడుతోంది.

మొహమాటపడ్డానని నువ్వు సిగ్గుపడుతున్నావు. అసలు సంగతి విను. టీములో తొమ్మిదిమంది ఉండగా నీకే ఎందుకు పంపానో తెలుసా? నువ్వయితే నా తప్పు పట్టవని. కొత్తగా రాసింది కూడా నీకే పంపాను, నువ్వయితే పడతావని.

నీ బావ,
ఉపేంద్ర