కొట్టుకు రెండు తాళాలు

బెజవాడ, 1974

తమ్ముడూ,

నువ్వు ఎమ్మెల్యేవయ్యాక నాన్న బట్టల కొట్టు నీ అనుచరుల పంచెలకే చాల్లేదు. అదేమని అడిగాడని మన చిన్నోడు చౌడయ్య మీద అలిగి కొట్టుకు తాళం వేశావు. వాటా తేలేదాకా తెరవనివ్వనని వాడు ఇంకో తాళం వేశాడు. లోపల చీరలు ఎలుకల పాలవుతున్నాయి.

నిన్న నాన్న తద్దినానికి నువ్వు రాలేదు. బ్రాహ్మడికివ్వాల్సిన పంచెల కోసం నేను ఎదురు కొట్టుకు వెళ్లాల్సి వచ్చింది. బతుకంతా నాన్నతో పోటీపడిన కోటిలింగంగారు, "ఇది మీ కొట్లో నేతంత గట్టిది కాదమ్మా, ఏమీ అనుకోకండి" అంటూ చుట్టి ఇచ్చారు.

చౌడయ్య తాళంచెవి లాక్కున్నాను. నీదీ పంపు.

ఆదివారం పటమట సభలో చేనేతను కాపాడాలని మాట్లాడతావట. ముందు వరుసలో కోటిలింగంగారు కూర్చుంటారు. ఆయన కొట్టు పంచెలతో మన నాన్న తద్దినం జరిగిందని గుర్తుంచుకుని మాట్లాడు.

నీ అక్క